విదేశీ పొలంలో వాలంటీర్: తిండి, పడక పెడితే వీసా ఆఫీసర్ దాన్ని జీతం అంటాడు

డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలు ఉన్న ఇళ్లలో ఈ మధ్య ఒక మాట వినబడుతోంది. "అబ్బా, మూడు నెలలు ఇటలీలో ఒక ఆర్గానిక్ ఫార్మ్‌లో ఉండొస్తా. తిండీ పడకా వాళ్లదే. రోజుకు అయిదు గంటలు పని. మనకు టికెట్ ఖర్చు ఒక్కటే."

అబ్బాకు ముందు గుర్తొచ్చేది ఇటలీ కాదు, మజరా. కడప, రాయచోటి, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఏ ఇంట్లో అడిగినా సౌదీలోనో కువైట్‌లోనో మజరాలో చేసొచ్చిన మామో, చిన్నాన్నో ఒకరు ఉంటారు. ఎడారిలో ఖర్జూరం చెట్ల మధ్య, టమాటా షెడ్లలో, పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గర పెట్టి గడిపిన ఏళ్లు. అందుకే విదేశంలో పొలం పని అనగానే పెద్దవాళ్ల ముఖం మారుతుంది. దాదీమా అయితే సూటిగా అడుగుతుంది: "పొలం పనికి అంత దూరం దేనికి బేటా, ఊళ్లో చేలు లేవా?"

పిల్లలు చూపిస్తున్నది మజరా కాదు, అది నిజమే. కానీ వాళ్లు చూసిన రీల్‌లో చెప్పని సంగతి ఒకటుంది. "వాలంటీర్" అన్నంత మాత్రాన అది పని కాకుండా పోదు. చాలా దేశాల ఇమిగ్రేషన్ లెక్కలో మీకు పెట్టే అన్నం, ఇచ్చే మంచం కూడా జీతమే. టూరిస్ట్ వీసా మీద వెళ్లి ఆ జీతం తీసుకుంటే చట్టం తప్పినట్టే. ఆ దెబ్బ ఆ ట్రిప్‌తో పోదు, తర్వాత ఎమ్మెస్‌కు అప్లై చేసే రోజున కూడా ఎదురవుతుంది.

అసలు ఇదేమిటి

1971లో లండన్‌లో సెక్రటరీగా పనిచేసే స్యూ కోపర్డ్ అనే మహిళకు ఒక ఆలోచన వచ్చింది. పల్లె గాలి పీల్చాలి, కానీ అక్కడ చుట్టాలు లేరు, హోటల్‌కు డబ్బు లేదు. శని, ఆదివారాలు పొలంలో పని చేస్తే రైతు తిండీ చోటూ ఇస్తాడా? ససెక్స్‌లోని ఎమర్సన్ కాలేజీ పొలంలో మొదటిసారి వెళ్లింది నలుగురే. దానికి పెట్టిన పేరు "వర్కింగ్ వీకెండ్స్ ఆన్ ఆర్గానిక్ ఫార్మ్స్". తర్వాత పేరు మారుతూ వచ్చింది, పొట్టి పేరు మాత్రం అదే: వూఫ్. ఇప్పుడు 130కి పైగా దేశాల్లో వూఫ్ రైతులు ఉన్నారు. వర్క్‌అవే, హెల్ప్‌ఎక్స్ లాంటివి తర్వాత వచ్చాయి. వాటిలో పొలాలతో పాటు హాస్టళ్లు, ఇళ్లు కూడా ఉంటాయి.

పద్ధతి సులువే. ఏ దేశానికి వెళ్లాలో ఆ దేశపు వూఫ్‌లో ఏడాదికి కొద్దిపాటి ఫీజు కట్టి సభ్యులవ్వాలి. రైతుల జాబితా కనబడుతుంది. నచ్చినవాళ్లకు మీరే రాసుకోవాలి. రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు పని, వారంలో ఒకటి రెండు రోజులు సెలవు. కలుపు తీయడం, కంపోస్ట్ తిరగేయడం, మొక్కల చుట్టూ గడ్డి పరచడం, కోళ్లకు మేత, ఆలివ్ కోత, జున్ను చేయడం లాంటివి పనులు. మందు కొట్టకుండా నేల బలం ఎలా పెంచుతారు, పంట మార్పిడి ఎలా చేస్తారు, విత్తనం ఎలా దాస్తారు అన్నది రైతు పక్కన నిలబడి నేర్చుకుంటారు. డబ్బు చేతులు మారదు.

మజరాకూ దీనికీ తేడా అక్కడే. కఫీల్ లేడు, కాంట్రాక్ట్ లేదు. పాస్‌పోర్ట్ మీ జేబులోనే ఉంటుంది. నచ్చకపోతే మర్నాడే బ్యాగ్ సర్దుకోవచ్చు. అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. కాంట్రాక్ట్ లేదంటే రక్షణా లేదు. కొడవలి తెగి చెయ్యి కోసుకుంటే ఆస్పత్రి బిల్లు మీదే, ఇన్సూరెన్స్ మీదే. అయిదు గంటలు అని చెప్పి తొమ్మిది గంటలు చేయిస్తే ఫిర్యాదు చేయడానికి లేబర్ ఆఫీసు ఉండదు. ఆ దేశపు వూఫ్‌కు రాసి, రివ్యూ పెట్టి రావడమే. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో పొలం పని కవర్ కాదని చిన్న అక్షరాల్లో ఉంటుంది, పాలసీ కొనేముందే అడగాలి.

వీసా దగ్గర ఆగే బండి

వూఫ్ వీసా ఇప్పించదు. ఇన్విటేషన్ లెటర్ ఇవ్వడం కూడా దాని పని కాదు. వీసా సంగతి మీరే చూసుకోవాలని సంస్థే ముందు చెబుతుంది. రీల్స్ చేసేవాళ్లలో ఎక్కువమంది యూరప్, అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు. వాళ్లకు చాలా దేశాల్లో వీసా అక్కర్లేదు, లేదా వర్కింగ్ హాలిడే వీసా సులువుగా దొరుకుతుంది. మన పాస్‌పోర్ట్‌కు ఆ లెక్క వర్తించదు. ఇక్కడే పిల్లలు మోసపోతున్నారు, ఎవరూ మోసం చేయకుండానే.

న్యూజిలాండ్‌లో "పని" అంటే ప్రతిఫలం కోసం చేసే ఏదైనా. ఉచిత తిండి, వసతి ప్రతిఫలం కిందికే వస్తాయి. కాబట్టి విజిటర్ వీసా మీద వూఫింగ్ కుదరదు, పని చేసే హక్కున్న వీసా ఉండాలి. ఆస్ట్రేలియా చట్టం ఇంకోలా చెబుతుంది: మామూలుగా జీతం ఇచ్చి చేయించుకునే పని ఏదైనా పనే. యాపిల్ కోతకు అక్కడ మనుషులు జీతానికి వస్తారు. అదే యాపిల్ మీరు ఊరికే కోసినా చట్టం దృష్టిలో పనే అవుతుంది. బ్రిటన్‌లో విజిటర్‌గా వెళ్లినవాళ్లు వాలంటీర్ పని చేయొచ్చు, కానీ అది రిజిస్టర్డ్ చారిటీకి, మొత్తం 30 రోజులు దాటకుండా, మీరు వచ్చిన అసలు పని అది కాకూడదు. సొంత పొలం ఉన్న రైతు చారిటీ కాడు. షెంజెన్ వీసా 180 రోజుల్లో 90 రోజులు ఉండనిస్తుంది. దాని మీద పొలంలో దిగొచ్చా లేదా అన్నది ఒక్కో దేశం ఒక్కోలా చూస్తుంది, అందుకే ఆ దేశపు ఎంబసీనే రాతపూర్వకంగా అడగాలి.

అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు. "ఎందుకీ గొడవ, టూరిస్ట్ అని చెప్పెయ్. ఎయిర్‌పోర్ట్‌లో ఎవడడుగుతాడు?" అడుగుతారు. ఎక్కడ ఉంటావంటే హోటల్ పేరు రాదు, తెలియని రైతు పేరొస్తుంది. రిటర్న్ టికెట్ మూడు నెలల తర్వాత. జేబులో డబ్బు అంతంతమాత్రం. ఫోన్ చూస్తే రైతుతో నడిచిన చాటింగ్ మొత్తం అక్కడే ఉంటుంది. అబద్ధం ఆడి వీసా తీసుకోవడం మన దీన్ ప్రకారం ఎలాంటిదో ఈ సైట్ పాఠకులకు ఒకరు చెప్పనక్కర్లేదు. లోకం లెక్కలోనూ అది ఖరీదైనదే.

ఎంత ఖరీదంటే, అమెరికా సరిహద్దులో పని చేయడానికి వచ్చావని ఆఫీసర్ తేల్చి ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్ కింద వెనక్కి పంపితే అయిదేళ్లు ఆ దేశంలో అడుగు పెట్టలేరు. బ్రిటన్ వీసా దరఖాస్తులో తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే పదేళ్ల నిషేధం పడొచ్చు. షెంజెన్ దేశాలు వీసా వివరాలను ఉమ్మడి రికార్డులో అయిదేళ్లు ఉంచుతాయి, రిజెక్ట్ అయినవి కూడా. రేపు కెనడాకో ఆస్ట్రేలియాకో స్టూడెంట్ వీసాకు అప్లై చేస్తే ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఏ దేశమైనా మీకు వీసా నిరాకరించిందా, వెనక్కి పంపిందా? అవునని రాస్తే వివరణ ఇవ్వాలి, కాదని రాస్తే అది రెండో అబద్ధం. ఇల్లు తాకట్టు పెట్టి చదివించాలనుకున్న అబ్బాకు, మూడు నెలల పొలం ముచ్చట ఎక్కడిదాకా వచ్చిందో అప్పుడు తెలుస్తుంది.

సూటిగా వెళ్లే దారులు రెండు

మన పాస్‌పోర్ట్‌తో పొలంలో కాలు పెట్టి, పని అని ధైర్యంగా చెప్పుకోగలిగే దారులు తక్కువే, కానీ ఉన్నాయి.

మొదటిది బ్రిటన్ వాళ్ల ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్, 2023 నుంచి నడుస్తోంది. 18 నుంచి 30 ఏళ్ల వయసు, డిగ్రీ ఉండాలి. ఏడాదికి 3,000 చోట్లు, ఎంపిక లాటరీలో. లాటరీకి పేరు ఇవ్వడం ఉచితం, కానీ తెరిచి ఉంచేది రెండు రోజులే, సాధారణంగా ఏడాదిలో రెండుసార్లు. పేరు వస్తే రెండేళ్లు ఉండొచ్చు, పొలంలోనైనా ఆఫీసులోనైనా పని చేయొచ్చు, వాలంటీరింగ్ కూడా చేయొచ్చు. లెక్క చూద్దాం. వీసా ఫీజు 300 పౌండ్లకు కాస్త పైన. హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్ల చొప్పున రెండేళ్లకు 1,552. ఇవి పోయే డబ్బులు. పైగా సొంత ఖాతాలో 2,530 పౌండ్లు వరుసగా 28 రోజులు ఉన్నట్టు చూపించాలి. ఆ డబ్బు మీదే, ఖర్చు కాదు, కానీ ఉండాలి. అన్నీ కలిపితే 4,400 పౌండ్లకు అటూఇటూ. రూపాయల్లో పౌండు రేటును బట్టి అయిదు లక్షలకు అటూఇటూ, విమానం టికెట్ కాకుండా. "టికెట్ ఖర్చు ఒక్కటే" అన్న మాట దగ్గర ఈ అంకె పెట్టి చూడండి.

రెండోది ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా, 462 నంబర్‌ది. రెండు దేశాల వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది. దాని పుణ్యమా అని 2024 నుంచి ఏడాదికి 1,000 మంది భారతీయులకు ఈ తలుపు తెరుచుకుంది. వయసు 18 నుంచి 30. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు, ఇంగ్లీష్, ఖాతాలో 5,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, అంటే మూడు లక్షలకు అటూఇటూ. ఇదీ లాటరీయే, పేరు ఇవ్వడానికి 25 డాలర్లు. వీసా ఏడాదికి.

ఇక్కడో తిరకాసు ఉంది. ఆ వీసా మీద నిర్ణీత ప్రాంతాల్లో మూడు నెలలు పొలం పని లాంటిది చేస్తే రెండో ఏడాదికి అర్హత వస్తుంది. ఒకప్పుడు అక్కడి ఇలాంటి వీసాల లెక్కలో వూఫింగ్‌ను కూడా చేర్చేవాళ్లు. తిండి పెడుతున్నాం కదా అని కొందరు రైతులు పిల్లలను పిండేశారు, సంతకం కావాలంటే ఇంకో వారం ఉండమన్నారు. 2015 డిసెంబర్ నుంచి ఆస్ట్రేలియా ఆ దారి మూసేసింది. ఇప్పుడు చట్టప్రకారం జీతం తీసుకున్న రోజులే లెక్కలోకి వస్తాయి. అక్కడ పొలం పనికి వెళ్లేవాళ్లు జీతానికే వెళ్లాలి, పే స్లిప్ దాచుకోవాలి. వూఫింగ్ సరదాకు ఒకటి రెండు వారాలు పెట్టుకోవచ్చు.

ఇవి కాక, బ్రిటన్‌లో చారిటీ వర్కర్ వీసా అని ఒకటుంది. స్పాన్సర్ లైసెన్స్ ఉన్న చారిటీ మిమ్మల్ని పిలవాలి, జీతం లేకుండా 12 నెలల దాకా. అలాంటి చారిటీ నడిపే పొలం దొరికితే అదృష్టమే.

నేర్చుకోవడమే అసలు ఉద్దేశమైతే ఫీజు కట్టి కోర్సుకు వెళ్లడం ఇంకో పద్ధతి. జోర్డాన్‌లో, మృత సముద్రం దగ్గర, సముద్రమట్టానికి దాదాపు 400 మీటర్ల దిగువన ఉప్పు తేలిన నేలలో జెఫ్ లాటన్ అనే ఆస్ట్రేలియన్ "గ్రీనింగ్ ద డెజర్ట్" పేరుతో తోట పెంచారు. వాన నీరు నిలిచేలా వాలుకు అడ్డంగా కందకాలు తీసి, గడ్డి కప్పి, అంజీర్, ఆలివ్, ఖర్జూరం నిలబెట్టారు. అక్కడ పర్మాకల్చర్ కోర్సులు నడుస్తాయి. విద్యార్థి ఫీజు కడతాడు కాబట్టి అక్కడ జీతం గొడవ రాదు. అయినా ఏ వీసా కావాలో ముందే అడగాల్సిందే.

ఏజెంట్ నోట్లో "వాలంటీర్" మాట

"ఫార్మ్ వాలంటీర్ వీసా ఇప్పిస్తాం, లక్షన్నర" అని ఎవరైనా అంటే అక్కడే లేవండి. వూఫ్ సభ్యత్వం ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. పైన చెప్పిన రెండు లాటరీలకూ ఏజెంట్ అక్కర్లేదు, ఏ ఏజెంటూ పేరు వచ్చేలా చేయలేడు.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్ ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. తీసుకునే సర్వీస్ చార్జికి 30,000 రూపాయలు, పైన జీఎస్టీ అనే పరిమితి ఉంది. ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంట్ పేరు కొట్టి చూసుకోవచ్చు. అందుకే కొందరికి "వాలంటీర్" మాట తీపి. ఇది ఉద్యోగం కాదు కదా అంటూ రిజిస్ట్రేషన్ నుంచి, పరిమితి నుంచి తప్పించుకుంటారు. అక్కడికి వెళ్లాక మాత్రం పని నిజంగానే పని, ఎండ నిజంగానే ఎండ. గల్ఫ్‌లో "ఆజాద్ వీసా" మాటతో మోసపోయిన కుటుంబాలు ఈ ఎత్తును ఇట్టే పట్టేస్తాయి.

వంటగది, ఖిబ్లా, రంజాన్

వీసా దొరికిందనుకుందాం. తర్వాతి ప్రశ్న అమ్మీది: అక్కడ ఏం తింటావు?

వూఫ్‌లో రైతు కుటుంబంతో కలిసి ఒకే బల్ల దగ్గర తినడం మామూలు. అది దాని అందం, మనకు అదే చిక్కు. మాంసం హలాల్ కాదు. కొన్ని ఇళ్లలో పంది కొవ్వుతో వంట, కూరలో వైన్ పోయడం సహజం. శాకాహారం అని ముందే రాస్తే చాలావరకు సర్దుకుంటుంది. యూరప్ ఆర్గానిక్ రైతుల్లో శాకాహారులు బాగానే ఉన్నారు, వూఫ్ జాబితాలో ఏ ఇంట్లో ఎలాంటి తిండి పెడతారో రాసి ఉంటుంది. గుడ్లు, చేపలు ఉంటే ఇంకా నయం. ఒక గిన్నె, ఒక చాకు విడిగా అడగడంలో తప్పేం లేదు.

పంట ఏమిటన్నది కూడా చూడాలి. ఇటలీ, ఫ్రాన్స్‌లలో సెప్టెంబర్‌లో పిలిచే పొలాలు చాలావరకు ద్రాక్షతోటలు, ఆ ద్రాక్ష వైన్‌కే పోతుంది. ఆ కోతలో చెయ్యి వేయాలా వద్దా అన్నది వెళ్లేముందే తమ ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాల్సిన మాట. ఆలివ్, కూరగాయలు, గొర్రెలు, తేనెటీగలు ఉన్న పొలాలకు కొదవ లేదు. పందులు పెంచుతారా, ఇంట్లో కుక్కలు తిరుగుతాయా అన్నదీ అడగండి. పల్లెటూరి యూరప్‌లో కుక్క లేని పొలం అరుదు.

నమాజ్‌కు పొలంలో చోటు కరువు కాదు, టైమే చిక్కు. జూన్‌లో ఇంగ్లండ్‌లో సూర్యుడు తొమ్మిదిన్నర దగ్గర అస్తమిస్తాడు. ఇషా బాగా ఆలస్యం, ఫజ్ర్ మూడు గంటల ప్రాంతంలోనే వచ్చేస్తుంది. పని మొదలయ్యేది ఏడు, ఎనిమిదింటికి. నిద్ర రెండు ముక్కలవుతుంది. మసీదు పట్నంలోనే, కాబట్టి జుమా సెలవు శుక్రవారం ఇస్తారా అని అడగాలి. రైతుకు ఆదివారమైనా శుక్రవారమైనా చాలాసార్లు ఒకటే.

రంజాన్ రాబోయే కొన్నేళ్లు జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో వస్తుంది. యూరప్‌లో అది చలికాలం, పగలు పొట్టి, రోజా తేలిక, పొలం పని కూడా తక్కువ. ఆస్ట్రేలియాలో అదే సమయం ఎండాకాలం. రోజా పెట్టుకుని ఎండలో పండ్లు కోయడం ఇంకో లెక్క. అక్కడికి వెళ్లేవాళ్లు ఆ నెల ప్యాకింగ్ షెడ్డు పని చూసుకోవడం మేలు.

ముస్లిం కుటుంబాలు నడిపే ఇలాంటి పొలాలు తక్కువే అయినా లేకపోలేదు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర విల్లోబ్రుక్ ఫార్మ్ అలాంటిదే. లుత్ఫీ రద్వాన్ ఒకప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో అధ్యాపకుడు. ఆయన, భార్య రూబీ 2002లో అక్కడ సేద్యం మొదలుపెట్టారు. జిబహ్ సరిగా ఉంటే సరిపోదు, జంతువు బతికిన తీరూ బాగుండాలి, అప్పుడే అది హలాల్‌తో పాటు తయ్యిబ్ అవుతుందని వాళ్ల పట్టుదల. టర్కీలో బూదాయ్ అనే సంస్థ ఇరవై ఏళ్లకు పైగా తాతుతా పేరుతో వూఫ్ తరహా పొలాలను నడిపిస్తోంది. అక్కడ అజాన్ వినబడుతుంది, తిండి బెంగ తక్కువ. వీసా బెంగ మాత్రం పోదు. అమెరికా, బ్రిటన్, ఐర్లండ్, షెంజెన్ వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ చెల్లుబాటులో ఉన్న భారతీయులకే టర్కీ ఈ-వీసా. మిగతావాళ్లు మామూలు వీసాకు పోవాలి. టూరిస్ట్‌గా పని చేయకూడదన్న రూలు అక్కడా ఉంది.

ఆడపిల్ల అడిగితే

మహ్రమ్ లేకుండా దూరప్రయాణం విషయంలో ఒక్కో కుటుంబానిది, ఒక్కో ఆలిమ్‌ది ఒక్కో మాట. అది ఇంట్లో తేలాలి. కానీ "వద్దు" అనేముందు ఒక సంగతి తెలిస్తే మంచిది: వూఫ్ రైతులు చాలామంది జంటలను తీసుకుంటారు. కొత్తగా పెళ్లయినవాళ్లు, అన్నాచెల్లెళ్లు కలిసి వెళ్లొచ్చు.

ఒంటరిగా వెళ్లేట్టయితే, ఆడవాళ్లు రాసిన రివ్యూలు ఉన్న పొలమే చూడాలి. ఒంటరి మగవాడి పొలం వద్దు. గదికి లోపలి నుంచి గడియ ఉందా, స్నానాల గది విడిగానా, బస్టాప్ ఎంత దూరం, ఫోన్ సిగ్నల్ ఉందా? ఆ ఇంటి ఆవిడతో అమ్మీ కూడా కూర్చుని వీడియో కాల్‌లో మాట్లాడాలి. భాష రాకపోయినా ముఖం అర్థమవుతుంది. అప్పటికప్పుడు తిరిగొచ్చే టికెట్ డబ్బు, రెండు రాత్రుల హోటల్ డబ్బు కార్డులో ఎప్పుడూ ముట్టుకోకుండా ఉండాలి. ఈ మాట మగపిల్లలకూ అంతే.

దాదీమా ప్రశ్న

ఊళ్లో చేలు లేవా అని అడిగిందే, దానికి జవాబు: ఉన్నాయి, వీసా అక్కర్లేదు. వూఫ్ ఇండియాలోనూ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రభుత్వమే రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి సేద్యం చేయిస్తోంది, దాన్ని చూడటానికి విదేశాల నుంచి వస్తున్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు మందులు లేకుండా ఒకే చేలో పది రకాలు కలిపి వేసి, విత్తనం ఇంట్లోనే దాచుకుంటున్నారు. మన జనం బాగా ఉన్న పట్నం జహీరాబాద్, అక్కడి పిల్లల్లో ఆ చేలు చూసినవాళ్లు ఎందరో.

విదేశం వెళ్లాలన్న బిడ్డ ముందు తెలిసిన రైతు దగ్గర పదిహేను రోజులు వంగి పని చేసి చూస్తే నడుము ఏమంటుందో తెలుస్తుంది. రైతుకు రాసే మెయిల్‌లో చెప్పుకోవడానికి ఒక మాట కూడా దొరుకుతుంది.

ఆ మెయిల్ పొడుగ్గా అక్కర్లేదు. ఫలానా వీసా ఉంది, ఫలానా తేదీలు. పంది మాంసం, మద్యం ముట్టను, మాంసం హలాల్ అయితేనే తింటాను, లేకపోతే శాకాహారం. పని వేళల్లో రెండుసార్లు పది నిమిషాలు నమాజ్‌కు కావాలి. వైన్ పనిలో ఉండలేను. గది ఎలా ఉంటుంది, ఇంట్లో ఇంకెవరుంటారు? ఇంతే. వారంలో వచ్చే జవాబును అబ్బా, అమ్మీ, బిడ్డ కలిసి చదవాలి. టికెట్ ఆ తర్వాతే.